అటకమీది పాత చెక్క – పిల్లల వ్రాతబల్ల



జూన్ నెలలో బడులు తెరుస్తారు. పుస్తకాలు కావాలి, సంచి కావాలి, చెప్పులు కావాలి అని తల్లిదండ్రులు ఒకటికి నాలుగుసార్లు లెక్క చూసుకుంటారు. కాని ఇంటికి వచ్చిన బిడ్డ ఎక్కడ కూర్చుని వ్రాస్తాడు అన్న సంగతి చాలా ఇళ్ళలో ఎవరికీ తట్టదు. ఒకడు చాపమీద బోర్లా పడుకుని వ్రాస్తాడు. ఒకతె మంచంమీద పుస్తకం పెట్టి, నేలమీద మోకాళ్ళపై నిలబడి వ్రాస్తుంది. ఇంకొకడు ఒడిలో పళ్ళెం బోర్లించి, దానిమీద నోటుపుస్తకం పెట్టుకుంటాడు. అక్షరాలు వంకర పోతే వాడిని కోప్పడతాం. వాడి వీపు ఎంత వంగిందో, కళ్ళు పుస్తకానికి ఎంత దగ్గరయ్యాయో చూడం.

“చిన్న ఇల్లమ్మా, బల్ల వేస్తే మనుషులం ఎక్కడ తిరగాలి?” అంటారు కొందరు. “బల్ల కొనాలంటే మాటలా?” అంటారు మరికొందరు. రెండూ నిజమే. కాని పిల్లల బల్లకు పెద్ద చోటు అక్కరలేదు, కొననూ అక్కరలేదు. అటకమీద విరిగిన మంచం, పశువుల పాకలో పాత తలుపు రెక్క, వాడని కుట్టు మిషను బల్ల, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె – ఇవి లేని ఇల్లు ఊరిలో తక్కువ. ఈ నెల వీటితో పిల్లలకు ఏమేమి చేయవచ్చో, వేటిని మాత్రం పిల్లల దగ్గరకు రానీయకూడదో చూద్దాం.

ఇది కొత్త ఆలోచన కాదు. అమెరికాలో లూయీ బ్రిగమ్ అనే ఆమె సామాన్ల పెట్టెల చెక్కతో ఇంటికి కావలసిన వస్తువులు చేయడం గురించి 1909లో ఒక పుస్తకమే వ్రాసింది. దాని పేరు ‘బాక్స్ ఫర్నిచర్’. ధ్రువప్రాంతంలోని స్పిట్స్‌బెర్గెన్ దీవిలో, చెట్టు అన్నది కనబడని చోట, సరుకులు వచ్చిన పెట్టెలతోనే ఆమె కుర్చీలు, బల్లలు చేసింది. తరువాత న్యూయార్కు పేదపిల్లలకు ఆ పని నేర్పింది. ఆమె పుస్తకం వ్రాయడానికి రెండేళ్ళ ముందు, 1907 జనవరి 6న, రోము నగరంలోని పేదలపేటలో మరియా మాంటిస్సోరి తన మొదటి పిల్లల ఇంటిని తెరిచారు. పిల్లవాడి కొలతకు తగిన బల్ల ఉండాలి, వాడే దానిని ఎత్తి జరుపుకోగలగాలి అని ఆమె పట్టుబట్టారు. ఆ మాంటిస్సోరి అమ్మగారు 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు కూడా. పెద్దల కుర్చీలో కాళ్ళు గాలిలో వేలాడదీసి కూర్చున్న బిడ్డను చూస్తే ఆమె చెప్పినది ఎంత నిజమో తెలుస్తుంది.

ముందు కొలత

చెక్క ముట్టుకునే ముందు బిడ్డను కొలవండి. వయసు చూసి చేయవద్దు. ఒకే ఈడు పిల్లలలో ఒకరు పొడుగు, ఒకరు పొట్టి ఉంటారు.

పీట లేక కుర్చీ ఎత్తు: బిడ్డను నిలబెట్టి, మోకాలి వెనుక మడతనుండి నేలవరకు కొలవండి. అదే కూర్చునే ఎత్తు. అరికాళ్ళు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి.

బల్ల ఎత్తు: బిడ్డను కూర్చోబెట్టి, భుజాలు ఎత్తకుండా చేతులు మడవమనండి. మోచేయి ఎక్కడికి వస్తుందో అక్కడికి, లేక దానికి అంగుళం పైకి బల్ల ఉండాలి. బల్ల ఎత్తయితే భుజాలు పైకి లేస్తాయి. పల్లమయితే వీపు వంగుతుంది.

బిడ్డ పెరుగుతాడు గదా, ఏడాదికి మళ్ళీ చేయాలా అని అడుగుతారు. అక్కరలేదు. ఇప్పటి ఎత్తుకు చేసి, తరువాత కాళ్ళకింద చెక్క దిమ్మలు మేకులతో బిగిస్తే ఇంకో రెండేళ్ళు వస్తుంది. ఆ తరువాత అది తమ్ముడికో చెల్లెలికో వస్తుంది.

నేలమీది వ్రాతబల్ల

పూర్వం షావుకార్ల దుకాణాలలో గుమాస్తాలు నేలమీద కూర్చుని, ముందు వాలుగా ఉన్న పొట్టి బల్ల పెట్టుకుని లెక్కలు వ్రాసేవారు. మన ఇళ్ళకు అదే సరియైనది. కుర్చీ అక్కరలేదు. పని అయ్యాక గోడకు చేరవేయవచ్చు, మంచం కిందికి తోయవచ్చు.

ఏడు మొదలు పది సంవత్సరాల బిడ్డకు కొలతలు ఇవి. పాత తలుపు రెక్క లేక బీరువా పలకనుండి ముప్పాతిక అంగుళం మందం చెక్క తీసుకోండి.

పై పలక: 26 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు.
పక్క పలకలు రెండు: ఒక్కొక్కటి 14 అంగుళాల పొడవు. బిడ్డవైపు ఎత్తు 7 అంగుళాలు, అవతలివైపు ఎత్తు తొమ్మిదిన్నర అంగుళాలు. అంటే పై అంచు ఏటవాలుగా కోయాలి.
వెనుక పలక: ఇరవైనాలుగున్నర అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు.
ముందు అంచుకు ఒక సన్న బద్ద: 26 అంగుళాల పొడవు, అర అంగుళం ఎత్తు.

రెండు పక్క పలకలను నిలబెట్టి, వాటి మధ్య వెనుక పలకను బిగించండి. ఈ వెనుక పలక లేకపోతే బల్ల అటూ ఇటూ ఊగి నాలుగు రోజులలో విరుగుతుంది. దానిమీద పై పలక పెట్టి మరమేకులు వేయండి. మామూలు మేకులు కాలక్రమాన పైకి లేస్తాయి. పిల్లల చొక్కాలు, చేతులు గీరుకుంటాయి. మరమేకు తలను చెక్కలోకి దించి, రంపపు పొట్టు జిగురుతో కలిపి ఆ గుంట పూడ్చండి. పెన్సిలు జారకుండా ముందు అంచుకు సన్న బద్దను అంటించండి. మూలలన్నీ గుండ్రంగా అరగదీసి, ఉప్పుకాగితంతో రుద్దండి. మీ అరచేతితో అంతా తడమండి. మీ చేతికి గుచ్చుకున్నది బిడ్డ చేతికి ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

పక్క పలకల మధ్య ఇరవైనాలుగు అంగుళాలకు పైగా చోటు ఉంటుంది గనుక బిడ్డ బాసిపట్టు వేసుకుని మోకాళ్ళు లోపల పెట్టుకోగలడు. మీ బిడ్డ పెద్దవాడైతే ముందుగా కూర్చోబెట్టి మోకాళ్ళ మధ్య కొలిచి, పలక పొడవు పెంచండి.

బల్లను ఎక్కడ వేస్తారన్నది కూడా ముఖ్యం. కుడిచేతితో వ్రాసే బిడ్డకు వెలుతురు ఎడమవైపునుండి రావాలి, ఎడమచేతి వాటం బిడ్డకు కుడివైపునుండి. లేకపోతే తన చేతి నీడ తన అక్షరాలమీదే పడుతుంది.

మంచం కోళ్ళతో పీట

నులకమంచం పాడయినదంటే సాధారణంగా ఒక పట్టె విరుగుతుంది, లేక నులక తెగుతుంది. నాలుగు కోళ్ళూ గట్టిగానే ఉంటాయి. అవి పొయ్యిలోకి పోకముందే ఒకసారి వాటివంక చూడండి. తాతల నాటి మంచమైతే ఆ కర్ర ఈనాడు డబ్బిచ్చినా దొరకదు.

కోళ్ళను బిడ్డ మోకాలి ఎత్తుకు కింది భాగంలో కోయించండి. పట్టెలనుండి 14 అంగుళాల ముక్కలు నాలుగు తీసి, చివరలు సన్నగా చెక్కించి, కోళ్ళ బెజ్జాలలోకి బిగుతుగా దిగగొట్టించండి. ఇది చేయి తిరిగినవారు చేయవలసిన పని. ఊరి వడ్రంగిని పిలిచి, “బాబాయ్, ఈ విరిగిన మంచంతో మా పాపకు పీట చేసిపెట్టరాదూ?” అని అడగండి. ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. బజారులో కుర్చీకి పెట్టే డబ్బు ఊరిలోని పనివానికే చేరుతుంది.

పైన నవారు అల్లడం మీరే చేయవచ్చు. పాత నవారులో చీకిపోయిన భాగం కోసివేసి, గట్టి భాగం తీసుకోండి. ఒకవైపు బారుగా పక్కపక్కనే చుట్టి, రెండవవైపునుండి ఒకటి పైకి, ఒకటి కిందికి దూర్చుతూ లాగి బిగించండి. నవారు లేకపోతే పాత నూలు చీరలను మూడు పాయలుగా గట్టిగా జడ అల్లి, ఆ జడతో అల్లవచ్చు. చీర రంగులతో పీట ముచ్చటగా కూడా ఉంటుంది. అది అమ్మమ్మ చీర అని తెలిస్తే ఆ బిడ్డ దానిని ఎవరికీ ఇవ్వదు.

కూర్చోలేని బిడ్డకు కాగితపు కుర్చీ

ఈ భాగం అందరికీ అక్కరకు రాకపోవచ్చు. కాని ఏ ఇంటికి కావాలో ఆ ఇంటికి ఇది మిగతా అంతటికంటే ముఖ్యం.

పుట్టుకలోనో పసితనంలోనో మెదడుకు దెబ్బ తగిలి, కాళ్ళు చేతులు బిగుసుకుపోయి, తనంతట తాను కూర్చోలేని బిడ్డలు మన గ్రామాలలో ఉన్నారు. వారిలో చాలామంది రోజంతా చాపమీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుంటారు. కూర్చోబెడితే వెనుకకు విరుచుకుంటారు గనుక కూర్చోబెట్టడమే మానివేస్తారు. కాని సరియైన ఆసరా ఉంటే అటువంటి బిడ్డ కూడా కూర్చుని, ఇంటిలోనివారి ముఖాలు చూస్తుంది, ముందున్న వస్తువును పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది, అన్నం తినేటప్పుడు పొలమారడం కూడా తగ్గుతుంది.

మెక్సికో దేశపు కొండ గ్రామాలలో వికలాంగులతోనే కలిసి పనిచేసిన డేవిడ్ వెర్నర్, 1987లో వెలువడిన తన ‘డిసేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’ అనే పుస్తకంలో ఇటువంటి ఆసనాలను ఇంట్లో దొరికే వస్తువులతో ఎలా చేయాలో బొమ్మలతో చూపించారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో బెవిల్ పాకర్ అనే ఆయన పాత కాగితం, అట్ట, పిండి జిగురు – ఈ మూడింటితోనే మనిషి బరువు మోసే కుర్చీలు చేయవచ్చని నేర్పారు. మన ఆడవారు కాగితపు గుజ్జులో మెంతిపిండి కలిపి బుట్టలు చేయడం లేదా? దీనికి అది అన్నవంటిది.

చేసే విధానం ఇది. ఒక గ్లాసు మైదాపిండిని చల్లని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం ఐదారు గ్లాసుల నీళ్ళతో గంజిలా చిక్కబడేవరకు ఉడికించండి. అట్టపెట్టెలను విప్పి, కావలసిన కొలతకు ఐదు పొరలు కోయండి. ఒక పొర గీతలు నిలువుగా ఉంటే, రెండవ పొర గీతలు అడ్డంగా ఉండాలి. బలమంతా అందులోనే ఉన్నది. జిగురు రాసి ఒకదానిమీద ఒకటి అంటించి, ఒక రాత్రి రోకలిబండ వంటి బరువుకింద ఉంచి, తరువాత నాలుగైదు రోజులు మంచి ఎండలో ఎండబెట్టండి. లోపల తడి మిగిలితే బూజు పడుతుంది, బలమూ ఉండదు. కొట్టి చూస్తే చెక్కలా టకటకమనాలి.

ఇటువంటి పలకలు రెండింటిని గోడమూలలా కలిపి నిలబెట్టండి. ఆ మూలలో బిడ్డ వీపు ఆనితే భుజాలు కొంచెం ముందుకు వస్తాయి. వెనుకకు విరుచుకోవడం తగ్గుతుంది. కూర్చునే భాగం పెట్టెలా చేసి, లోపల సీసాల పెట్టెలో ఉన్నట్లు అట్టతో గళ్ళు పెట్టండి. ఎత్తు మోకాలి మడతవరకు ఉండాలి. తుంటి దగ్గర, మోకాలి దగ్గర, చీలమండ దగ్గర కాలు సమకోణంలో మడవబడి, అరికాలు నేలకు ఆనాలి. మోకాళ్ళు రెండూ దగ్గరకు బిగుసుకుపోయే బిడ్డ అయితే, వాటి మధ్యకు వచ్చేటట్లు గుడ్డ చుట్టిన చిన్న దిమ్మ బిగించండి. కీళ్ళన్నిటిమీద కాగితపు పట్టీలు మూడు నాలుగు వరుసలు అంటించి, ఎండిన తరువాత నీటికి ఆగే వార్నిష్ పూయండి. పాత చీరల బొంతను మడిచి మెత్తగా వేయండి. కట్టవలసి వస్తే మెత్తని గుడ్డ పట్టీని తుంటిమీదుగా కట్టండి. పొట్టకు గాని, మెడకు గాని ఎన్నడూ కట్టవద్దు.

అరగంటకు మించి ఒకే తీరున కూర్చోబెట్టి ఉంచవద్దు. తీసిన తరువాత వీపు, పిరుదులు చూడండి. ఎర్రని మచ్చ పోకుండా ఉంటే అక్కడ ఒత్తుకుంటున్నదని అర్థం. బిడ్డను ఒంటరిగా విడిచిపెట్టి పొలానికి పోరాదు. ఇది చేయకముందు బిడ్డను ఫిజియోథెరపీ తెలిసినవారికి ఒకసారి చూపండి. మండలంలోని భవిత కేంద్రంలో అడగండి. జిల్లా ఆసుపత్రిలో చిన్నపిల్లల లోపాలను ముందుగా గుర్తించే కేంద్రం ఉంటుంది, అక్కడ అడగండి. కుర్చీ మీరు చేయవచ్చు, ఏ తీరున కూర్చోబెట్టాలో వారు చెప్పాలి.

వాడకూడనివి

పాతది వాడుకోవడం మంచిదే. కాని పాతదంతా మంచిది కాదు. ఈ నాలుగు సంగతులు ఇంటిల్లిపాదికీ చదివి వినిపించండి.

మొదటిది, పురుగుమందు డబ్బాలు, డ్రమ్ములు, సంచులు. ఎంత గట్టిగా ఉన్నా, ఎన్నిసార్లు కడిగినా పిల్లల పీటకు గాని, బొమ్మల పెట్టెకు గాని పనికిరావు. 2013 జులై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. వాడిన పురుగుమందు డబ్బాలు మళ్ళీ వాడకుండా పగులగొట్టి పారవేయాలని 1971 నాటి నియమాలే చెబుతున్నాయి.

రెండవది, పాత రంగు. పూర్వపు ఎనామిల్ రంగులలో సీసం ఎక్కువగా ఉండేది. రంగులో పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించి సీసం ఉండరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు రంగు వేసిన తలుపును పొడిగా గీకితే ఆ ధూళి బిడ్డ నోటిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పెచ్చులూడుతున్న పాత రంగు చెక్కను పిల్లలకు వాడవద్దు. రంగు వేయని చెక్కనే ఎంచుకోండి.

మూడవది, సిమెంటు రేకు ముక్కలు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

నాలుగవది, నూనె డబ్బాల రేకు అంచులు. డబ్బాను పీటగా వాడదలిస్తే అంచును లోపలికి మడిచి, సుత్తితో అణచి, పైన గోనెసంచి చుట్టి కుట్టండి.

ఇంకొక మాట. పండ్ల చెక్కపెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి పుస్తకాల బీరువా చేస్తారు. అందంగా ఉంటుంది. కాని చిన్నబిడ్డ దానిని నిచ్చెన అనుకుని ఎక్కుతాడు. పెట్టెలను ఒకదానికొకటి బిగించి, మొత్తాన్ని గోడకు తప్పక మేకుతో పట్టించండి. పసిబిడ్డ మంచానికి కమ్మీలు పెడితే వాటి మధ్య సందు 2 అంగుళాలకు మించరాదు. మించితే ఒళ్ళు జారి తల ఇరుక్కుంటుంది.

ఇవ్వబోయే ముందు పరీక్ష

ఏ వస్తువు చేసినా బిడ్డకు ఇచ్చేముందు మూడు పరీక్షలు చేయండి. ఇంటిలో బరువైన మనిషి దానిమీద కూర్చోవాలి. కాగితపు కుర్చీ అయినా సరే, మీ బరువు ఆగకపోతే బిడ్డ గంతులకు ఆగదు. తరువాత ఒక అంచుమీద చేయి పెట్టి కిందికి నొక్కండి. అవతలి కాళ్ళు లేస్తే కాళ్ళు ఎడంగా పెట్టించాలి. చివరకు తడిగుడ్డతో అంతటా తుడవండి. పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ ఇంకా నునుపు చేయాలి.

వడ్రంగి ఇంట పెరిగిన ప్రభువును కొలిచే మనకు రంపం పట్టడం చిన్నతనం కాదు. సంఘ యువజనులు ఒక శనివారం కలిసి కూర్చుంటే, ఊరిలోని పాత చెక్కతో నాలుగైదు వ్రాతబల్లలు తేలికగా తయారవుతాయి. ముందుగా ఎవరికి ఇవ్వాలో సండే స్కూలు టీచరును అడగండి. ఏ బిడ్డ ఇంట్లో దీపంకింద బోర్లా పడుకుని వ్రాస్తున్నదో, ఏ ఇంట్లో బిడ్డ కూర్చోలేక చాపమీదనే ఉన్నదో ఆమెకు తెలుస్తుంది. అటక ఎక్కకముందు, ఈ సాయంత్రమే టేపు తీసుకుని, మీ బిడ్డను గోడ దగ్గర నిలబెట్టి మోకాలి ఎత్తు కొలిచి, గోడమీద సుద్దతో గీత గీయండి. మిగతా పని అక్కడినుండి మొదలవుతుంది.